యువ హాకీ ఆటగాళ్ల అంచనా: గ్యాలరీలో వినిపించే అపోహలు, మైదానంలోని వాస్తవాలు

చెన్నైలో జూనియర్లకు హాకీ నేర్పే కోచ్‌ని కావడం వల్ల, ఎగ్మోర్‌లోని మేయర్ రాధాకృష్ణన్ స్టేడియంలో మ్యాచ్ చూస్తూనే పక్కవారి మాటలు వినడం నాకు అలవాటు. 2024 డిసెంబరులో హాకీ ఇండియా లీగ్ తిరిగి మొదలైనప్పుడు, 24 మంది ఉండే ప్రతి జట్టులో కనీసం నలుగురు జూనియర్లు ఉండాలన్న నిబంధన పెట్టారు. దాంతో తమిళనాడు డ్రాగన్స్ అభిమానులతోపాటు, హైదరాబాద్ తూఫాన్స్‌ను అభిమానించే ఇక్కడి మన తెలుగువారు కూడా ఏ కుర్రాడు ఎంత ఎదుగుతాడో అంచనా వేయడం మొదలుపెట్టారు.

అపోహ: ఎక్కువ గోల్స్ చేసినవాడే ఎక్కువ ప్రతిభావంతుడు.

వాస్తవం: గోల్ ఎలా వచ్చిందో చూడకుండా ఆ మాట అనలేము. పెనాల్టీ కార్నర్‌లో (డిఫెండర్ల తప్పుకు ఎదుటి జట్టుకు దొరికే గోల్ అవకాశంలో) బంతిని గోల్ గీత దగ్గర నుంచి పంపే ఇంజెక్టర్, సర్కిల్ (గోల్ ముందు గీసిన వంపు గీత లోపలి భాగం) బయట దానిని ఆపే స్టాపర్, డ్రాగ్ ఫ్లిక్ (బంతిని స్టిక్‌తో లాగి గోల్‌లోకి విసిరే షాట్) కొట్టే ఆటగాడు ముగ్గురూ కలిసి పని చేస్తే, స్కోరు పట్టికలోకి ఎక్కేది మూడోవాడి పేరే. సర్కిల్‌లోకి దూసుకుపోయి, డిఫెండర్ పాదానికి బంతి తగిలేలా చేసి ఆ కార్నర్‌ను సంపాదించిన ఫార్వర్డ్ పేరు అందులో ఉండదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో భారత్ చేసిన 15 గోల్స్‌లో 10 హర్మన్‌ప్రీత్ సింగ్‌వి. అతను డిఫెండర్, ఆ పదీ పెనాల్టీ కార్నర్లు, పెనాల్టీ స్ట్రోక్‌ల (గోల్‌కీపర్ ఒక్కడే ఎదురుగా ఉండగా కొట్టే షాట్ల) నుంచి వచ్చినవే. అందువల్ల ఫార్వర్డ్‌లు ఏమీ చేయలేదని తీర్మానిస్తే అన్యాయమవుతుంది. కుర్రాడిని ఎంపిక చేసేటప్పుడు, బంతి అందకముందే అతను వెనక్కి తిరిగి చూసుకుంటున్నాడా, బంతి పోయిన మరుక్షణం వెంటపడుతున్నాడా లేక నడుము మీద చేతులు వేసుకుని నిలబడుతున్నాడా అన్నవి నేను ముందుగా గమనిస్తాను. టీవీ కెమెరా బంతి వెంటే తిరుగుతుంది కాబట్టి ఇవి స్టేడియంలోనే బాగా కనిపిస్తాయి.

అపోహ: జూనియర్ ప్రపంచకప్‌లో రాణిస్తే సీనియర్ జట్టులో స్థానం ఖాయం.

వాస్తవం: 2016లో లక్నోలో ప్రపంచకప్ గెలిచిన జూనియర్ జట్టు నుంచి హర్మన్‌ప్రీత్, మన్‌దీప్, సుమిత్, నీలకంఠ శర్మ, వరుణ్ కుమార్, సిమ్రన్‌జీత్ టోక్యో ఒలింపిక్స్ దాకా వెళ్లారు, కెప్టెన్ హర్జీత్ సింగ్ మాత్రం ఆ జట్టులో లేడు. 2025 డిసెంబరులో ఇదే చెన్నైలో అర్జెంటీనాపై 0-2తో వెనుకబడి, చివరి క్వార్టర్‌లో నాలుగు గోల్స్ చేసి కాంస్యం గెలిచిన కుర్రాళ్ల విషయంలోనూ తొందరపడకపోవడం మేలని నా అభిప్రాయం.

అపోహ: మాటిమాటికీ బయటికి పిలుస్తున్నారంటే కోచ్‌కు నమ్మకం లేనట్టే.

వాస్తవం: హాకీలో ఆటగాళ్లను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఫార్వర్డ్‌లు పూర్తి వేగంతో కొద్ది నిమిషాలు ఆడి బయటికి రావడం ప్రణాళికలో భాగమే.

అపోహ: ఇరవై ఏళ్లకే గోల్‌కీపర్ సత్తా తేలిపోతుంది.

వాస్తవం: భారత గోల్‌కీపర్ శ్రీజేష్ 2006లో సీనియర్ జట్టులోకి వచ్చి, 36 ఏళ్ల వయసులో పారిస్‌లో కాంస్యంతో వీడ్కోలు పలికాడు. జట్టు కాపాడుకోవాల్సింది ఒక్క గోల్‌పోస్టే కాబట్టి రెండో గోల్‌కీపర్‌కు మ్యాచ్‌లో నిమిషాలు దొరకడమే కష్టం. అతనిని అంచనా వేయదలచినవారు వార్మప్ సమయానికే వచ్చి, ఆపిన బంతిని అతను సర్కిల్ మధ్యలోకి వదులుతున్నాడో, ప్రత్యర్థికి అందకుండా పక్కలకు మళ్లిస్తున్నాడో చూడవచ్చు.