తల ఉండాల్సిన చోట తామర

తుంగభద్ర ఒడ్డున అలంపురం వెళ్లినవాళ్లు జోగులాంబను, నవబ్రహ్మ గుళ్లను చూసి తిరుగు బస్సు ఎక్కేస్తారు. అక్కడి మ్యూజియంలోకి అడుగుపెట్టినవాళ్లు మాత్రం ఒక దేవత ముందు కాస్త తడబడతారు. ప్రసవమప్పటిలా మడిచి ఎడంగా పెట్టిన కాళ్లు, ఒంటిమీద నగలే తప్ప బట్ట లేదు. తల ఉండాల్సిన చోట విచ్చుకున్న తామర. పేరు లజ్జాగౌరి.

చిక్కంతా ఆ పేరుతోనే. తల ఎందుకు లేదో చెప్పడానికి జనం కథ అల్లుకున్నారు: పరాయివాళ్ల కంటపడి సిగ్గుతో తల దాచుకుందట. కథ బాగానే ఉంది గానీ, శిల్పంలో సిగ్గు జాడ ఎక్కడా కనబడదు. ఇలాంటి బొమ్మలు ఎప్పటివో. వాటన్నిటికీ కలిపి ఈ పేరు స్థిరపడింది ఈమధ్యకాలపు పరిశోధకుల రాతల్లో. కొందరైతే 'నగ్న కబంధం' అన్నారు. అది మరీ అన్యాయం. కబంధమంటే తల తెగిన మొండెం. ఇక్కడ తెగిందేమీ లేదు, తామర పూసింది.

మన ప్రాంతంలో గట్టి పాత ఆధారం నాగార్జునకొండది. ఇక్ష్వాకు రాజు ఎహువుల శాంతమూలుడి భార్య, మహాదేవి ఖండువుల చేయించిన విగ్రహం అది. పైభాగం విరిగిపోయింది, ప్రాకృత శాసనం మిగిలింది. అందులో రాణి తనను 'అవిధవ', 'జీవపుత్ర' అని చెప్పుకుంది. అంటే భర్త ఉన్నాడు, బిడ్డ బతికి ఉన్నాడు. ఒక రాణి దర్జాగా పేరు చెక్కించుకుని చేయించిన దేవత ఇది. అలంపురంలోనూ పిల్లలు కావాలనుకునే స్త్రీలు ఈ అమ్మవారికి వెన్న, కుంకుమ పూసి మొక్కేవాళ్లు.

మరి తామర ఎందుకు? తొలినాటి చిన్న బొమ్మలు కొన్నింటికి చేతులు కూడా ఉండవు. కుండలాంటి పొట్ట, రెండు కాళ్లు, కుండ మూతి దగ్గర పువ్వు, అంతే. అది పూర్ణకుంభమే. నీళ్లు నిండిన కుండే గర్భం, అందులోంచి లేచిన తామరే ప్రాణం. ఋగ్వేదం పదో మండలం 72వ సూక్తంలో భూమి 'ఉత్తానపద' నుంచి పుట్టిందని ఉంది. కాళ్లు చాచిన ఆ తల్లే ఈమె అని కొందరు పండితుల మాట. బాదామి చాళుక్యుల కాలానికి, అంటే 6-8 శతాబ్దాలకు, కుండ పూర్తిగా స్త్రీ రూపమైంది. బాదామి మ్యూజియంలో ఉన్న నాగనాథకొల్ల విగ్రహం ఈ కోవదే.

నాకైతే వరలక్ష్మీవ్రతం గుర్తొస్తుంది. కలశం మీద కొబ్బరికాయ పెట్టి, పసుపుముద్దతో ముఖం దిద్ది, చీర చుట్టి, నగలు వేసి, చివరికి దాన్ని అమ్మవారనే పిలుస్తాం. ఇక్కడ కుండకు తలా చీరా రెండూ దొరికాయి.