పీహెచ్‌పీలో కాన్‌స్టంట్: ఫంక్షన్‌గా మొదలై భాషలో కలిసిన కథ

వెబ్‌సైట్లు రాయడానికి వాడే పీహెచ్‌పీ భాషలో ఒక కాన్‌స్టంట్, అంటే ఒకసారి ఇచ్చాక మారని విలువ, పెట్టుకోవాలంటే ఈరోజుకీ రెండు దారులున్నాయి. ఒకటి డిఫైన్, రెండోది కాన్‌స్ట్. ఒకే పనికి రెండెందుకని కొత్తగా నేర్చుకునేవాళ్లు అడుగుతూనే ఉంటారు. రెండూ ఒకేసారి పుట్టలేదు, అదే అసలు సంగతి.

రాస్మస్ లెర్డార్ఫ్ 1995లో బయటపెట్టినప్పుడు పీహెచ్‌పీ సొంత వెబ్ పేజీలకు అక్కరకొచ్చే చిన్న పనిముట్ల మూట మాత్రమే. తర్వాత అది భాషగా ఎదిగే క్రమంలో కాన్‌స్టంట్ వచ్చింది, కానీ వ్యాకరణంలో భాగంగా కాదు, ఒక ఫంక్షన్ (పేరు పెట్టి పిలిస్తే పనిచేసే కోడ్ ముక్క) రూపంలో. పేరును కొటేషన్లలో పెట్టి, పక్కన విలువ రాసి డిఫైన్‌ను పిలవాలి. స్క్రిప్టు నడుస్తూ ఆ లైను దాకా వస్తే తప్ప ఆ కాన్‌స్టంట్ ఉనికిలోకి రాదు. తర్వాతి చిక్కుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

వాడటం మాత్రం హాయిగా ఉండేది. వేరియబుల్ (మారే విలువకు పెట్టిన పేరు) ముందు పెట్టే డాలర్ గుర్తు అక్కర్లేదు, ఉత్త పేరు రాస్తే చాలు. గ్లోబల్ అని ప్రకటించకుండానే ఏ ఫంక్షన్ లోపలైనా అందుతుంది. అయితే ఆ పేరుతో కాన్‌స్టంట్ లేకపోతే? పీహెచ్‌పీ ఆగేది కాదు. పేరునే స్ట్రింగ్‌గా, అంటే ఉత్త అక్షరాల వరసగా, తీసుకుని, ఒక నోటీసు పడేసి ముందుకు పోయేది. డీబగ్ అనే కాన్‌స్టంట్‌కు ఫాల్స్ ఇచ్చామనుకోండి. ఇఫ్ కండిషన్‌లో ఆ పేరు టైప్ చేసేటప్పుడు ఒక అక్షరం ఎగిరిపోతే, మిగిలింది ఖాళీ కాని స్ట్రింగ్ కాబట్టి అది ట్రూ కిందే లెక్క. ఆపేశామనుకున్న డీబగ్ సమాచారం కాస్తా సైటుకు వచ్చినవాళ్లందరికీ కనబడుతుంది. లైవ్ సర్వర్లో నోటీసులు దాచిపెట్టడం మామూలే కనుక కారణం దొరకడానికి తల ప్రాణం తోకకొచ్చేది. అర్రే (విలువల జాబితా) కీల, అంటే ఒక్కో విలువను గుర్తించే పేర్ల, చుట్టూ కొటేషన్లు పెట్టకుండా రాసే బద్ధకపు అలవాటు అన్నేళ్లు బతికింది కూడా ఈ ఉదారత వల్లే. 2017లో వచ్చిన 7.2 వెర్షన్ దీన్ని వార్నింగ్ స్థాయికి పెంచింది. 2020లో 8.0 నేరుగా ఎర్రర్ చేసేసింది. పేరులో చిన్న పెద్ద అక్షరాల తేడా పట్టించుకోవద్దని చెప్పే డిఫైన్ మూడో ఆర్గ్యుమెంటు కూడా అదే వెర్షన్‌లో పనిచేయడం మానేసింది.

ఇక నిర్వచించే వైపు. 2004లో 5.0తో క్లాసుల (డేటానూ ఫంక్షన్లనూ కలిపి పెట్టే మూసల) లోపల కాన్‌స్ట్ వచ్చింది, 2009లో 5.3తో క్లాసుల బయటికీ వచ్చింది. చూడటానికి శుభ్రంగా ఉన్నా చేతులు కట్టేసినట్టుండేది. రోజుకెన్ని సెకన్లో చెప్పడానికి అరవైని అరవైతో, ఇరవైనాలుగుతో గుణించి రాస్తే ఒప్పుకునేది కాదు. 86400 అని తేల్చి రాసి, పక్కన కామెంటు పెట్టుకోవాల్సిందే. లెక్కలూ అర్రేలూ 2014లో 5.6తో గానీ కుదరలేదు. డిఫైన్‌కైతే అర్రే పట్టింది 2015 చివర్లో, 7.0లో. అప్పటిదాకా అర్రేను సీరియలైజ్ చేసి స్ట్రింగ్‌గా దాచి, కావలసిన ప్రతిచోటా మళ్లీ విప్పుకునేవాళ్లు. సిగ్గుపడాల్సిన కోడే, కానీ పని జరిగేది.

7.1లో ప్రైవేట్ కాన్‌స్టంట్లు, 8.1లో ఈనమ్‌లు (చెల్లే విలువలన్నీ ముందే పేర్లతో ఖరారు చేసిన టైపులు), 8.3లో టైపులు వచ్చాయి. వీటిలో ఈనమ్ అసలైన మలుపు. ఆర్డర్ స్థితులకు ఒకటి, రెండు, మూడు అని అంకెలిచ్చి కాన్‌స్టంట్లు పేర్చినంతకాలం, ఆ స్థితిని తీసుకునే ఫంక్షన్‌కు ఎవరైనా 97 పంపినా అడ్డుకునే నాథుడు లేడు. ఈనమ్‌ను టైపుగా రాస్తే పీహెచ్‌పీయే అడ్డుకుంటుంది.

పేరు వేరియబుల్‌లో ఉన్నప్పుడు క్లాస్ కాన్‌స్టంట్‌ను అందుకోవడానికీ చాలాకాలం మళ్లీ ఒక ఫంక్షనే దిక్కు. క్లాసు పేరు, రెండు కోలన్లు, వేరియబుల్ అన్నీ కలిపి ఒక స్ట్రింగ్ కట్టి కాన్‌స్టంట్ అనే ఫంక్షన్‌కు ఇవ్వాలి. రెండు కోలన్ల తర్వాత కర్లీ బ్రాకెట్లలో వేరియబుల్ రాసే వీలు 2023లో, 8.3తో వచ్చింది.

ఇంత జరిగినా డిఫైన్ పోలేదు, పోయే సూచనా లేదు. కాన్‌స్ట్‌ను ఇఫ్ లోపల రాయలేం, ఫంక్షన్ నుంచి వచ్చిన విలువను దానికి ఇవ్వలేం. సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైల్ చివర చూడండి. సైటు మూల ఫోల్డరు దారిని పట్టుకునే కాన్‌స్టంట్ ఇప్పటికే ఉందా అని ముందు అడుగుతుంది, లేకపోతేనే డిఫైన్ చేస్తుంది. ఆ పని కాన్‌స్ట్‌తో అవదు. డేటాబేస్ పేరు, పాస్‌వర్డు కూడా ఆ ఫైల్లో డిఫైన్‌తోనే ఉంటాయి.

తీరని ముచ్చట ఇంకొకటుంది. డబుల్ కొటేషన్ల లోపల వేరియబుల్ పేరు రాస్తే విలువ వచ్చి కూర్చుంటుంది, కాన్‌స్టంట్ పేరు రాస్తే పేరే మిగులుతుంది. డాలర్ లేని పేరును మామూలు మాటల నుంచి వేరుచేసే గుర్తేదీ లేదు మరి. స్ట్రింగును తెంచి చుక్కతో అతకడమే అందరూ చేసేది. కొందరు గడుసువాళ్లు మాత్రం కాన్‌స్టంట్ అనే ఫంక్షన్ పేరును ఒక వేరియబుల్‌లో పెట్టుకుని, స్ట్రింగ్ లోపలే కర్లీ బ్రాకెట్లలో ఆ వేరియబుల్‌ను ఫంక్షన్‌లా పిలుస్తారు. పనిచేస్తుంది, తర్వాత ఆ కోడ్ చదివేవాళ్లు ఏమనుకుంటారన్నది వేరే విషయం.