సి0051 అంటే ఏమిటో చెబుతాను

చి. చిన్నికి, చి. బాబికి తాతయ్య ఆశీస్సులు.

కారుకు జబ్బు తగ్గిందా అని మొన్న ఫోనులో అడిగారు. తగ్గింది. ఎలాగో రాస్తున్నాను.

డాష్‌బోర్డు మీద జారుతున్న కారు బొమ్మతో పసుపు రంగు దీపం వెలిగింది. మెకానిక్ స్టీరింగ్ కింద ఉన్న పదహారు పిన్నుల సాకెట్‌కు లోపాల కోడ్లు చదివే స్కానర్ తగిలిస్తే సి0051 అని వచ్చింది. ఇంజను, గేర్లకు పి, బాడీకి బి, కారులోని కంప్యూటర్ల మధ్య మాటలు ఆగిపోతే యు, బ్రేకులు, స్టీరింగ్ లాంటివాటికి సి అక్షరం ముందు పెడతారు.

"సెన్సర్ పోయింది, మార్చేద్దాం" అన్నాడాయన. నేను ఆగమన్నాను. కోడ్ అంటే ఫిర్యాదు. ఫిర్యాదు అందగానే విచారణ లేకుండా ఎవరైనా శిక్ష వేస్తారా?

సి0051 అంటే స్టీరింగ్ కోణం చెప్పే సెన్సర్ మీద ఫిర్యాదు. ఆ సెన్సర్ స్టీరింగ్ చక్రం వెనకే ఉంటుంది. మనం చక్రాన్ని ఎటు, ఎన్ని డిగ్రీలు తిప్పామో చెప్పడమే దాని పని. కారు నిజంగా ఎంత మలుపు తిరుగుతోందో చెప్పడానికి వేరే సెన్సర్ ఉంది. రెండు లెక్కలూ కుదరకపోతే కారు జారుతోందని కంప్యూటర్ అనుమానించి, రోడ్డు మీది ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి దారిలో పెడుతుంది. సెన్సర్ మాట మీదే నమ్మకం పోతే ఆ సాయం మానేసి, దీపం వెలిగిస్తుంది.

బ్యాటరీ నీరసించినా ఇలాంటి కోడ్లు వస్తాయి గనుక ముందు దాన్ని చూశాం. ఇంజను ఆపితే 12.6 వోల్టులు, నడుస్తుంటే 14 దగ్గర. బాగానే ఉంది. స్కానర్‌లో అంకెలు చూస్తూ చక్రాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు మెల్లగా తిప్పాను. ఎక్కడా గెంతకుండా, వరసగా మారాయి. వైరు తెగినా, వైర్లను కలిపే కప్లర్ వదులైనా మధ్యలో తడబడేవి. ఇక విప్పే పని లేకపోయింది. అదే మేలు: అక్కడ ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది, బ్యాటరీ తీగ తీసి కాసేపు ఆగకుండా ఎవరూ చెయ్యి పెట్టకూడదు.

తర్వాత కారును తిన్నటి రోడ్డు మీద నడిపాం. సున్నా చూపాల్సిన చోట 9 డిగ్రీలు! అప్పుడు గుర్తొచ్చింది, కిందటి వారం టైర్లు మార్చి అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేసే పని, చేయించాను. అప్పటి నుంచి తిన్నగా వెళ్తున్నా స్టీరింగ్ కాస్త కుడికి వాలి ఉండేది. వయసు మీద పడి నా చేతులే వాలుతున్నాయనుకున్నాను!

అలైన్‌మెంట్ మళ్లీ సరిచేయించి, స్టీరింగ్ తిన్నగా నిలిచాక స్కానర్‌తో సెన్సర్‌కు సున్నా నేర్పించాం. దీపం ఆరింది.

దసరాకు రండి, మీరే చక్రం తిప్పుతూ అంకెలు చూద్దురుగాని. బాబి కాళ్లు పెడళ్లకు అందవు గనుక మీ అమ్మమ్మ కూడా ఒప్పుకుంది.

మీ తాతయ్య