అపోహలు – వాస్తవాలు: అప్‌గ్రేడ్ తర్వాత యాప్ మొరాయిస్తే

"ఫోన్‌లో ఆండ్రాయిడ్ అప్‌గ్రేడ్ అయ్యాక యాప్ సరిగా రావడం లేదా? తీసేసి మళ్ళీ వేసుకో, సరిపోతుంది." అనంతపురం సప్తగిరి సర్కిల్ చుట్టుపక్కల ఎక్కడ నిలబడినా ఉచితంగా దొరికే సలహా ఇది. మా మరమ్మతు బల్ల దగ్గరకు వచ్చే నష్టాల్లో ఎక్కువ భాగం అప్‌గ్రేడ్ చేసినవి కావు, ఆ తర్వాత చేసిన ఈ వైద్యం చేసినవే.

వాస్తవం ఏమిటంటే, అప్‌గ్రేడ్ మార్చేది సిస్టం ఫైళ్ళున్న భాగాన్ని. యాప్‌లో మీరు రాసుకున్న లెక్కలు, సెట్టింగులు ఫోన్‌లో వేరే భాగంలో, ఆ యాప్‌కు మాత్రమే తెరుచుకునే ఫోల్డరులో ఉంటాయి. అప్‌గ్రేడ్ వాటి జోలికి పోదు. ఆ ఫోల్డరును తుడిచిపెట్టేవి అన్‌ఇన్‌స్టాల్, క్లియర్ డేటా అనే రెండు మీటలు. క్లియర్ క్యాష్ వేరు, అది తాత్కాలిక ఫైళ్ళనే తుడుస్తుంది, దానితో ప్రమాదం లేదు. కంగారులో ఉన్న మనిషి వేలు పక్క మీట మీద పడుతుందన్నదే నా భయం.

ధర్మవరం నుంచి వచ్చిన ఒక చీరల వ్యాపారి నేతగాళ్ళకు ఇచ్చిన వార్పులు, కూలి, ముందస్తు బాకీలు అన్నీ ఎప్పుడో ఎవరో చేసిచ్చిన ఒక చిన్న యాప్‌లో రాసుకునేవాడు. ఫోన్ ఆండ్రాయిడ్ 14కు మారాక తెరపై అంకెలు ఒకదానిపై ఒకటి పడుతున్నాయని, ఎవరి మాటో విని, యాప్‌ను తీసేశాడు. మళ్ళీ వేయబోతే ఫోన్ ఒప్పుకోలేదు. 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14, ఆండ్రాయిడ్ 6.0 కంటే పాత వెర్షన్లను లక్ష్యంగా పెట్టుకుని తయారైన యాప్‌లను కొత్తగా ఎక్కించుకోనివ్వదు. అయితే అప్‌గ్రేడ్‌కు ముందే ఉన్నవాటిని తొలగించదు, అవి అలాగే కొనసాగుతాయి. ఆండ్రాయిడ్ 6.0తో వచ్చిన, వాడేటప్పుడు మిమ్మల్ని అడిగే అనుమతుల పద్ధతిని తప్పించుకోవడానికి మోసపు యాప్‌లు కావాలనే పాత వెర్షన్ వేషం వేసుకుంటున్నందున పెట్టిన కట్టుబాటు ఇది. కంప్యూటరుకు కలిపి ప్రత్యేక ఆదేశంతో ఆ యాప్‌ను ఎక్కించాను. "సార్, యాప్ వచ్చింది గానీ లెక్కలేవి?" అన్నాడాయన. ఆ లెక్కలు గూగుల్ బ్యాకప్‌లోనూ లేవు, ఎందుకంటే యాప్‌కు 25 ఎంబీ వరకు దానంతటదే జరిగే బ్యాకప్ కూడా ఆండ్రాయిడ్ 6.0 నుంచి, ఆ వెర్షన్‌కు తగ్గట్టు తయారైన యాప్‌లకే వర్తిస్తుంది. ఆయన తప్పేమీ లేదు. చేతిలో ఉన్నదాన్ని బాగు చేసుకోవాలనుకున్నాడు, అంతే. సలహా ఇచ్చినవారి మీదే నాకు కోపం.

కాబట్టి యాప్ మొరాయించినప్పుడు ముందు ఫోన్‌ను ఆపి తిరిగి వెలిగించండి, తర్వాత ప్లే స్టోర్‌లో ఆ యాప్‌కూ, యాప్‌ల లోపల వెబ్ పేజీలను చూపే ఆండ్రాయిడ్ సిస్టం వెబ్‌వ్యూకూ కొత్త వెర్షన్ ఉందేమో చూడండి. 2021 మార్చిలో ఈ వెబ్‌వ్యూలో వచ్చిన లోపం వల్లనే జీమెయిల్‌తో సహా ఎన్నో యాప్‌లు తెరిచిన వెంటనే మూతపడ్డాయి. సవరణ రాగానే వాటంతటవే కుదుటపడ్డాయి. తీసేయక తప్పదనుకుంటే, యాప్ లోపల ఎక్స్‌పోర్ట్ గానీ బ్యాకప్ గానీ ఉందేమో చూసి, ఆ ఫైలును ఫోన్ బయట దాచిన తర్వాతే తీసేయండి. పాత ఆండ్రాయిడ్‌కు తిప్పి ఇస్తామనేవారి దగ్గరకు అసలే వెళ్ళకండి, ఎందుకంటే ఆ పనిలో సాధారణంగా ఫోన్ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది.

మిగతా అపోహలకు ఇంత వివరం అక్కరలేదు. నోటిఫికేషన్లు రాకపోతే యాప్ చెడినట్టు కాదు, ఆండ్రాయిడ్ 13 నుంచి వాటికి కూడా మీ అనుమతి కావాలి. కొన్ని నెలలు వాడని యాప్‌కు ఇచ్చిన అనుమతులను ఫోన్ తనంతట తానే వెనక్కి తీసుకుంటుంది. సెట్టింగుల్లో తిరిగి ఇస్తే చాలు. అప్‌గ్రేడ్ అయిన తొలి రోజుల్లో వేడెక్కడం, ఛార్జింగ్ తొందరగా దిగడం తరచుగా యాప్‌లను ఫోన్ కొత్త సిస్టానికి సర్దుకోవడం వల్ల జరిగేవే.

హానికర యాప్‌లను పట్టే గూగుల్ కాపలా ప్లే ప్రొటెక్ట్ అడ్డు పడుతోంది, ఆపేయమని చెప్పే వీడియోల గురించి మాత్రం ఒక్క మాట. వాట్సాప్‌లో చలానా పేరుతో వచ్చే ఏపీకే ఫైళ్ళను (ప్లే స్టోర్ లేకుండా యాప్‌ను ఎక్కించే ఫైళ్ళు) పంపేవారు కూడా అక్షరాలా అదే చెబుతారు. బయటి నుంచి ఎక్కించిన యాప్‌కు యాక్సెసిబిలిటీ అనుమతి ఇవ్వబోతే ఆండ్రాయిడ్ 13 నుంచి ఫోన్ అడ్డు చెప్పేది, ఆ అనుమతి దొరికితే మీ తెరపై ఉన్నదంతా అది చదవగలదు కనుకనే.