సాగర్ టర్బైన్‌తో అడుగు కలిపే ఆర్గన్

నల్గొండలోని ఒక పాత ప్రార్థనా మందిరంలో, ఎన్నో ఏళ్లుగా దుప్పటి కప్పుకొని మూలన పడి ఉన్న అమెరికా ఆర్గన్‌ను మేము మొదటిసారి మోగించినప్పుడు, దానికి ఏదో పెద్ద జబ్బే చేసిందని అనుకున్నాం. ఆర్గన్ మీద ఒకటి శ్రుతి మెట్టు నొక్కితే పక్కనున్న హార్మోనియంలో కింది స్థాయి ఆరు శ్రుతి కంటే కూడా పిసరంత తక్కువగా పలికింది. అయితే మెట్టుకూ మెట్టుకూ మధ్య ఉండవలసిన దూరం మాత్రం ఎక్కడా చెడలేదు. వాద్యమంతా ఒక్కటిగా కిందికి దిగిపోయింది. ఇనుము తుప్పుపట్టి బరువెక్కిందని ఒకరు, లోపలి తీగలు సాగిపోయాయని మరొకరు తీర్పు చెప్పారు. లోపల సాగడానికి తీగలే లేవన్న సంగతి వెనుక చెక్క విప్పేదాకా మాకెవరికీ తెలియదు.

ఆ వాద్యం హామండ్ ఆర్గన్. దాన్ని రూపొందించిన లారెన్స్ హామండ్ అంతకు ముందు కరెంటు గడియారాలు తయారు చేసినవాడు. గడియారపు ముల్లును సరైన వేగంతో తిప్పే సింక్రోనస్ మోటారునే 1934లో పేటెంటుకు దరఖాస్తు చేసిన తన ఆర్గన్‌కు గుండెకాయగా పెట్టాడు. ఆ మోటారు ఒక పొడవైన ఇరుసును తిప్పుతుంది. ఇరుసుకు పళ్లచక్రాలతో ముడిపడి, అరచేతిలో ఇమిడేంత ఉక్కు బిళ్లలు 91 తిరుగుతుంటాయి. ఒక్కొక్క బిళ్ల అంచున గట్లు ఉంటాయి, ఆ అంచుకు వెంట్రుకవాసి దూరంలో తీగ చుట్టిన చిన్న అయస్కాంతం ఉంటుంది. గట్టు ఎదురుగా వచ్చి పోయినప్పుడల్లా ఆ చుట్టలో కరెంటు ఒకసారి ఊగుతుంది. 16 గట్లున్న బిళ్ల సెకనుకు 27.5 సార్లు తిరిగితే 440 ఊపులు వస్తాయి, అదే ఆరు శ్రుతి. పళ్లచక్రాల నిష్పత్తి అరిగి మారేది కాదు కనుక ఈ వాద్యంలో ఒక స్వరం పక్క స్వరంతో తగాదా పడడం జరగదు. దిగితే అన్నీ కలిసే దిగాలి.

మా చిక్కు ముడి విప్పినవాడు బోరు మోటార్లకు వైండింగ్ చేసే ఒక మిత్రుడు. మేము గొప్పగా చూపించిన 110 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ కేసి చూసి, ‘‘వోల్టులైతే తగ్గించిండ్రు గని, సైకిళ్లు మార్చలే కద సార్’’ అన్నాడు. అక్కడితో సగం పని అయిపోయింది. అమెరికాలో కరెంటు సెకనుకు 60 సార్లు దిశ మార్చుకొని తిరిగి వస్తుంది, మన దగ్గర 50 సార్లు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మార్చగలదు కాని ఈ లెక్కను ముట్టుకోలేదు. అక్కడ నిమిషానికి 1,200 చుట్లు తిరగవలసిన మోటారు ఇక్కడ సరిగ్గా 1,000 చుట్లే తిరుగుతుంది. 440 కాస్తా 366.7 అవుతుంది, అంటే మూడు అర్ధస్వరాలు దాటి ఇంకొంచెం కిందికి. దీనికి మరో చెడు కూడా తోడవుతుంది: అదే వోల్టేజీ మీద సైకిళ్లు తగ్గితే ఇనుప గర్భంలో అయస్కాంత ప్రవాహం ఐదో వంతు పెరిగి, మోటారూ లోపలి ట్రాన్స్‌ఫార్మరూ వేడెక్కుతాయి. మేము అరగంట వాయించాక వచ్చిన వార్నిష్ వాసనకు కారణం అదే. 50 సైకిళ్ల దేశాల కోసం హామండ్ కంపెనీ వేరుగా యంత్రాలు తయారుచేసింది కాని, మా మందిరానికి చేరినది ఆ రకం కాదు.

సింక్రోనస్ మోటారు గురించి ఇంకొక్క మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. అది కరెంటు సరఫరాతో అడుగులో అడుగు వేసి నడుస్తుంది. నాగార్జునసాగర్‌లో నీటి తాకిడికి తిరిగే జనరేటరూ, గ్రిడ్‌కు కలిసిన ప్రతి ఇతర జనరేటరూ ఒకే తాళంలో తిరుగుతుంటాయి. గోడ ప్లగ్గుకు తగిలించిన ఈ ఆర్గన్ కూడా ఆ తాళానికే కట్టుబడి ఉంటుంది. దక్షిణాది గ్రిడ్‌లో కరెంటుకు కటకటగా ఉన్న రోజుల్లో సైకిళ్లు 49 కంటే కిందికి జారడం మామూలుగా ఉండేది. సరిగ్గా 49 దగ్గర నిలిచినా శ్రుతి అర్ధస్వరంలో మూడో వంతుకు పైగా దిగుతుంది; పక్కన వేణువు వాయించేవాడికి అది పంటి కింద రాయిలా తగులుతుంది. 2013 డిసెంబరు 31న, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాకు కృష్ణ ఆవలి వైపున ఉన్న రాయచూరు నుంచి షోలాపూర్‌కు వేసిన 765 కిలోవోల్టుల లైనుతో దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో కలిశాక ఆ ఊగిసలాట బాగా తగ్గింది. విద్యుత్ శాఖవారు ఆ పని సంగీతం కోసం చేయలేదనుకోండి.

వైద్యం ఒకటే: 60 సైకిళ్ల శుద్ధమైన సైన్ తరంగాన్ని, అంటే నునుపుగా ఎక్కి దిగే తరంగాన్ని, ఇచ్చే ఎలక్ట్రానిక్ పరికరం. ఇళ్లలో వాడే చవక ఇన్వర్టర్ దీనికి పనికిరాదు. దాని చదరపు తరంగంతో మోటారు గీపెడుతుంది, ఆ గీ స్పీకరులోకీ చేరుతుంది.

శ్రుతి కుదిరాక అసలైన మరమ్మతులు బయటపడ్డాయి. ఈ ఆర్గన్‌కు స్టార్ట్, రన్ అని రెండు స్విచ్‌లు ఉంటాయి. సింక్రోనస్ మోటారు తనంతట తాను కదలలేదు కనుక, స్టార్ట్ స్విచ్‌ను ఎనిమిది సెకన్లు పట్టుకొని వేరొక మోటారుతో ఇరుసును తిప్పి, దాన్ని వదలకుండానే రన్ వేసి, మరో నాలుగు సెకన్లకు స్టార్ట్‌ను వదలాలి. సింగిల్ ఫేజ్ బోరు స్టార్టరులో పచ్చ బటన్‌ను మోటారు అందుకునేదాకా నొక్కి పట్టడం తెలిసిన రైతుకు ఇది చెప్పనక్కరలేదు. వదలగానే చుట్లు తగ్గిపోతుంటే బేరింగులు ఎండిపోయాయని అర్థం. వాటికి నూనె చేరే దారి చూడముచ్చటగా ఉంటుంది: తొట్టిలో పోసిన పలుచని నూనెను నూలుపోగులు దీపపు వత్తిలా పీల్చి ఒక్కొక్క బేరింగు దగ్గరికి తీసుకుపోతాయి. ఎవరో మంచి ఉద్దేశంతోనే చిక్కని నూనె పోసి ఉంటారు, అది ఆ పోగుల్లోనే గడ్డకట్టింది. సరైన నూనె పోశాక అది అంచులదాకా పాకడానికి రోజులు పడుతుంది; మేము వారం ఆగాం.

మూగబోయిన స్వరాల సంగతి తర్కంతో తేలేది. ఒక్క మెట్టే పలకకపోతే తప్పు ఆ మెట్టు కింద ఉంటుంది. ఒకే కంపన సంఖ్య ఏ మెట్టు మీదా వినిపించకపోతే బిళ్ల దగ్గరో దాని చుట్ట దగ్గరో వెతకాలి. ధ్వని పాళ్లు కలిపేందుకు ముందున్న తొమ్మిది లాగుడు పుల్లల్లో ఒకటి అన్ని మెట్ల మీదా మూగదైతే అది ఆ పుల్లకు సంబంధించిన కడ్డీదో తీగదో. ప్రతి మెట్టు కింద తొమ్మిది సన్నని స్పర్శపత్రాలు తొమ్మిది కడ్డీలను తాకుతాయి, మన ఎర్రమట్టి దుమ్ము వాటి మధ్య చేరితే గరగరమంటాయి. కడ్డీలను కొద్దిగా పక్కకు జరిపే మర ఒకటి ఉంటుంది. అది తిప్పితే పత్రాలు కొత్తచోటును తాకుతాయి. గరుకు కాగితంతో గీకడం కంటే ఇది వెయ్యి రెట్లు నయం.

ఇక ఆర్గన్ ధ్వనిని బయటికి వినిపించే తిరిగే స్పీకరు పెట్టె. డాన్ లెస్లీ దీన్ని 1940ల తొలినాళ్లలో అమ్మకానికి తెచ్చాడు. హామండ్ ఒప్పుకోకపోయినా జనం ఒప్పుకున్నారు. మా దగ్గరున్న 122 రకంలో, 800 కంపనాలకు పైనున్న ధ్వని పై అరలో తిరిగే కొమ్ములోంచి, కింది ధ్వని నేలకు ముఖం పెట్టిన పెద్ద స్పీకరు నుంచి ఒక చెక్క డోలులోకి వెళ్తాయి. కొమ్ముకు రెండు నోళ్లు కనిపిస్తాయి కాని ఒకటి ఉత్తిదే, తూకం కోసం పెట్టింది. నిమిషానికి 400 చుట్ల వేగంలో కొమ్ము నోరు సెకనుకు సుమారు 8 మీటర్ల వేగంతో మనవైపు వచ్చి పోతుంటుంది. వచ్చేటప్పుడు శ్రుతి సుమారు 40 సెంట్లు (అర్ధస్వరంలో నూరో వంతు ఒక సెంటు) పెరుగుతుంది, పోయేటప్పుడు అంతే తగ్గుతుంది. రైలు కూత మారినట్లే.

మా పెట్టెలో పై భాగం పలుకుతోంది, తిరుగుతోంది. కింది డోలు మాత్రం నిలిచిపోయింది. మోటారు తిరుగుతున్న చప్పుడు వస్తోంది కనుక తప్పు బెల్టుదే. చూస్తే ఎలుక కొరికిన ముక్క మిగిలింది. కొమ్ము నెమ్మది వేగం అందుకోకపోవడానికి కారణం రబ్బరు చక్రం గట్టిపడి జారడం. ఇక్కడ ఒక హెచ్చరిక: ప్లగ్గు తీసినా ఆంప్లిఫయరు కండెన్సర్లలో 400 వోల్టుల దాకా నిలిచి ఉండవచ్చు. వాటిని రెసిస్టరుతో ఖాళీ చేసి, మీటరుతో సరిచూసుకున్నాకే మిత్రుడు లోపల చెయ్యి పెట్టాడు.

అంతా కుదిరాక మే నెలలో ఒక సాయంత్రం వాయించి చూస్తుండగా గాలిదుమారం లేచి కరెంటు పోయింది. ఆంప్లిఫయరులోని గాజు వాల్వుల వేడీ కండెన్సర్ల నిల్వా ఇంకా ఉన్నాయి. ఉక్కు బిళ్లలు వేగం తగ్గుతూ తిరుగుతున్నాయి. పట్టి ఉంచిన స్వరం మెల్లగా కిందికి జారి, సన్నబడి, ఆగిపోయింది. చీకట్లో కొమ్ము మాత్రం చప్పుడు లేకుండా మరో రెండు మూడు చుట్లు తిరిగింది.