సర్క్లింగ్ అప్రోచ్: కనీస ఎత్తు వెనుక రెండు లెక్కలు

2002 ఏప్రిల్ 15న బీజింగ్ నుంచి బుసాన్ వచ్చిన ఎయిర్ చైనా బోయింగ్ 767 విమానం గిమ్‌హే విమానాశ్రయానికి ఉత్తరాన ఉన్న కొండను ఢీకొనడంతో, అందులోని 166 మందిలో 129 మంది మరణించారు. గాలి దక్షిణం నుంచి వీస్తుండటంతో ఆ విమానం రన్‌వే పక్కగా సాగి, చుట్టు తిరిగి, ఉత్తరం వైపు నుంచి దిగాల్సి వచ్చింది. దీన్నే సర్క్లింగ్ అంటారు. పరికరాల సాయంతో మేఘాల కిందికి వచ్చిన పైలట్ అక్కడి నుంచి రన్‌వేను కంటితో చూస్తూనే తిరగాలి. ఆ సమయంలో కొండలు తగలకుండా కాపాడేది చార్టులో, అంటే పైలట్లు వాడే పటంలో, అచ్చయిన కనీస ఎత్తే, అదీ రన్‌వే నుంచి ఒక హద్దు లోపల మాత్రమే.

ఆ హద్దును గీయడంలో ప్రపంచం రెండుగా చీలింది. దిగే వేగాన్ని బట్టి విమానాలను తరగతులుగా విడదీస్తారు. వాటిలో సి తరగతి విమానాలకు అమెరికా ప్రమాణమైన టెర్ప్స్ అప్పట్లో రన్‌వే చివరల నుంచి 1.7 నాటికల్ మైళ్ల వ్యాసార్ధాన్ని ఇస్తే, అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ వారి పాన్స్-ఆప్స్ సుమారు 4.2 మైళ్లు ఇచ్చింది. డి తరగతికి అవి 2.3, 5.28. ఇంత తేడాకు ప్రధాన కారణం వేగం. పాన్స్-ఆప్స్ సి తరగతి విమానం 180 నాట్ల (గంటకు 180 నాటికల్ మైళ్ల) వరకు వేగంతో, పైగా గాలి తోపుతో తిరుగుతుందని లెక్కవేస్తుంది. టెర్ప్స్‌లో ఆ తరగతి 140 నాట్ల దగ్గరే ముగుస్తుంది. అడ్డంకులపై వదలాల్సిన ఖాళీ కూడా ఈ తరగతులకు టెర్ప్స్‌లో 300 అడుగులు, పాన్స్-ఆప్స్‌లో 394.

గిమ్‌హే చార్టు టెర్ప్స్ ప్రకారం తయారైంది. కొండ రన్‌వే ఉత్తరపు అంచుకు సుమారు 4.6 కిలోమీటర్ల దూరంలో, అంటే దాదాపు 2.5 నాటికల్ మైళ్లలో ఉంది. మలుపు ఆలస్యమై విమానం హద్దు దాటిందనీ, రన్‌వే కనుమరుగయ్యాక కూడా పైలట్లు వెంటనే పైకి లేవలేదనీ దర్యాప్తు తేల్చింది. అది సరైన నిర్ధారణే. అయినా పాన్స్-ఆప్స్ కొలత వాడి ఉంటే అదే కొండ రక్షిత ప్రాంతంలోకి వచ్చి, కనీస ఎత్తు దాన్ని దాటేలా ఉండేదన్న సంగతిని పక్కన పెట్టలేం.

తర్వాత అమెరికా తన వ్యాసార్ధాలను పెంచి, ఎత్తుతో పాటు పెరిగే అసలు వేగాన్ని కూడా లెక్కలోకి తెచ్చింది. 2012 చివరి నుంచి సవరించిన చార్టుల్లో నలుపు మీద తెల్లని ‘సి’ గుర్తు కనిపిస్తుంది; ఇది సి తరగతిని సూచించేది కాదు. పాత చార్టులన్నీ ఒక్కసారిగా మారలేదు కాబట్టి, ఆ గుర్తు ఉన్నవీ లేనివీ చాలాకాలం పక్కపక్కనే చలామణి అయ్యాయి. విమాన సంస్థలు విస్తృతంగా వాడే జెప్పెసెన్ చార్టుల్లోనైతే ఏ ప్రమాణం వాడారో అంచున సన్నని అక్షరాల్లో ఉంటుంది. దేశాలు దాటుతూ రాత్రివేళ దిగే పైలట్‌కు అది చాలదు. కనీస ఎత్తు పక్కనే అది ఎన్ని మైళ్ల వరకు చెల్లుతుందో కూడా అంకెల్లో అచ్చువేయాలి.