చార్మినార్ దారిలో ప్రయాణికుల సమాచార బోర్డులు: అపోహలు – వాస్తవాలు

ఆదివారం సాయంత్రం పాతబస్తీకి వచ్చే పర్యాటకుడికి తెలియాల్సినవి మూడే: దారి తెరిచి ఉందా, బండి ఎక్కడ పెట్టాలి, వెళ్లేసరికి చూడాల్సింది మూసేస్తారా. బోర్డు, యాప్, ఫోన్ లైన్ అన్నీ ఈ మూడింటి కోసమే.

అపోహ: పెద్ద ఎల్‌ఈడీ బోర్డు పెడితే సగం పని అయినట్టే.

సైజు కంటే చోటు ముఖ్యం. అఫ్జల్‌గంజ్ వైపు నుంచి వచ్చే కారుకు మదీనా కూడలిలో ‘పార్కింగ్ నిండింది’ అని చూపిస్తే ఏం లాభం? అప్పటికే నయాపూల్ దాటేశాడు, ఆ రద్దీలో వెనక్కి తిప్పలేడు. అదే మాట అఫ్జల్‌గంజ్‌కు ముందే కనిపిస్తే బండి అవతలే ఆపుకుని ఆటోలో వస్తాడు. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. అక్షరాలు 60 మీటర్ల నుంచి కనిపించినా చదవడానికి దొరికేది 5 సెకన్లే. అందుకే రెండు లైన్లు చాలు, స్క్రోలింగ్ వద్దు. పండుగ శుభాకాంక్షలూ వద్దు. పనికిరాని మాటలు నాలుగుసార్లు కనిపిస్తే జనం ఆ బోర్డు వైపు చూడటమే మానేస్తారు.

అపోహ: తెలుగులో టైప్ చేస్తే బోర్డు మీద తెలుగే వస్తుంది.

ఎక్కువ బోర్డులు దెబ్బతినేది ఇక్కడే. బోర్డును నడిపే చవకరకం కంట్రోలర్లకు (చిన్న కంప్యూటర్లకు) ఒత్తులు, గుణింతాలు కలిపే సామర్థ్యం ఉండదు. ‘రద్దీ’ అని పంపితే ఒత్తు కిందికి దిగదు, గుడి దీర్ఘం అక్షరం మీద కూర్చోదు, అన్నీ విడివిడిగా పక్కపక్కన పడతాయి. దీనికి మందు, వాక్యాన్ని కంట్రోల్ రూమ్ సర్వర్‌లోనే బొమ్మగా మార్చి పంపడం. రెండో చిక్కు ఎత్తు. బోర్డును పేర్చే ఎల్‌ఈడీ పలకల్లో మామూలుగా వాడే పీ10 మాడ్యూల్ అంటే అడ్డంగా 32, నిలువుగా 16 చుక్కలు. ఆ 16 వరుసల్లో ఇంగ్లీషు హాయిగా పడుతుంది. తెలుగుకు పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి కనుక అసలు అక్షరం నలిగిపోతుంది. రెండు మాడ్యూళ్లు నిలువుగా పేర్చి లైనుకు 32 వరుసలు ఇవ్వాలి. బిల్లు పాస్ చేసే ముందు ‘మక్కా మసీదు’, ‘పత్తర్‌గట్టి’, ‘స్త్రీలు’ వేయించి, మిట్టమధ్యాహ్నం ఎండలో 60 మీటర్ల దూరం నుంచి చదివి చూడండి.

అపోహ: బస్సులో జీపీఎస్ ఉంటే రాక సమయం కచ్చితంగా తెలుస్తుంది.

జీపీఎస్ చెప్పేది బస్సు ఎక్కడుందో. ఎప్పుడొస్తుందన్నది మనం కట్టే లెక్క. అదే ముక్క దారిని అంతకుముందు వెళ్లిన బస్సులు ఎంతసేపట్లో దాటాయో తీసుకుని కట్టాలి, సగటు వేగంతో కాదు. బస్సుల తాజా సమాచారం పంచుకునే ప్రామాణిక పద్ధతి జీటీఎఫ్‌ఎస్ రియల్‌టైమ్ మార్గదర్శకాల ప్రకారం ఫీడ్ (పంపే సమాచారం) కనీసం 30 సెకన్లకోసారి మారాలి, బస్సు స్థానం 90 సెకన్ల కంటే పాతది కాకూడదు. పాతబడితే నిమిషాలు తీసేసి, ‘టైంటేబుల్ ప్రకారం’ అని స్పష్టంగా రాసి ఆ సమయం చూపాలి. ఇంకో మామూలు తప్పు: డిపోలో బస్సు మారుతుంది, సిస్టంలో రూట్ నంబరు మారదు. రాని బస్సు బోర్డు మీద వస్తూనే ఉంటుంది. వరుసగా మూడు సిగ్నళ్లు రూట్‌కు బాగా దూరంగా కనిపిస్తే ఆ బస్సును బోర్డు నుంచి తీసేసేలా నియమం పెట్టండి.

అపోహ: పార్కింగ్ లెక్క మిషన్ది కాబట్టి తప్పు రాదు.

లూప్ సెన్సర్ (బండ్లను లెక్కపెట్టేందుకు నేలలో పెట్టే తీగచుట్ట) బైకులను వదిలేస్తుంటుంది. లోపలికొచ్చే వెయ్యి బండ్లలో నూటికి ఒకటి తప్పినా సాయంత్రానికి 10 తేడా, మర్నాటికి అది ఇంకా పెరుగుతుంది. రోజూ రాత్రి మనిషి లెక్కతో సరిచేయాలి. అంకె బదులు ‘ఖాళీ’, ‘నిండింది’ చాలు. చోటు 95 శాతం నిండగానే ‘నిండింది’ వేసి, 90కి దిగాకే తీయాలి. లేకపోతే బోర్డు నిమిషానికోసారి మారుతుంది.

అపోహ: ఆటోమేటిక్ కదా, మనిషి అక్కర్లేదు.

సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ శుక్రవారం మూసి ఉంటాయని, జూకు సోమవారం సెలవని ఏ సెన్సరూ చెప్పదు. ఆషాఢంలో గోల్కొండ బోనాలు గురు, ఆదివారాల్లో జరుగుతాయనీ, నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్ దారి మూస్తారనీ కూడా చెప్పదు. క్యాలెండర్ ఎవరో ఒకరు నింపాల్సిందే. ప్రతి సందేశానికీ ముగింపు సమయం ఉండాలి. అది లేకుండా సేవ్ చేయబోతే సాఫ్ట్‌వేర్ ఒప్పుకోకూడదు. కంట్రోల్ రూమ్‌తో సంబంధం 10 నిమిషాలు తెగితే బోర్డు తనంతట తానే ఖాళీ అవ్వాలి, నిన్నటి డైవర్షన్ చూపిస్తూ ఉండకూడదు.